అనంత... అంచనాలు!

హైదరాబాద్‌ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం దగ్గరపడేకొద్దీ ఎర్రనేలలు, బోడిగుట్టలు పలకరిస్తాయి. ఇక్కడ సీజన్‌ అంటే వానాకాలమే. వచ్చే సీజన్‌ ఎలా ఉంటుందన్నదే ఏటా అందరినీ వేధించే ప్రశ్న. 2024 సెప్టెంబరులో మాత్రం ఆ గడ్డమీద మరో సీజన్‌ సందడి చేసింది. దేశవాళీ క్రికెట్‌ ప్రతిష్ఠాత్మక టోర్నీ దులీప్‌ ట్రోఫీలో ఆ ఏడాది ఆరు మ్యాచ్‌లు జరిగితే, అయిదింటికి వేదిక అనంతపురమే!

ఆ మ్యాచ్‌లు జరిగింది ఆర్డీటీ క్రీడాగ్రామంలో. స్పెయిన్‌ నుంచి వచ్చి అనంతపురంలో స్థిరపడిన విన్సెంట్‌ ఫెర్రర్‌ 1969లో ప్రారంభించిన సంస్థే రూరల్‌ డెవలప్‌మెంట్‌ ట్రస్ట్‌. పల్లెల పిల్లలు క్రికెట్‌, ఫుట్‌బాల్‌, హాకీ నేర్చుకునేందుకు ఇక్కడ మైదానాలున్నాయి. టెన్నిస్‌ వీరుడు రఫెల్‌ నాదల్‌ ఫౌండేషన్‌ 2010లో ఇక్కడ టెన్నిస్‌ శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది. కరవు సీమలో పచ్చని మైదానం అంటే అదే ఒక వింత!

ముందున్నది సి... గెలిచింది ఎ!

దులీప్‌ ట్రోఫీలో ఆ ఏడాది ఎ, బి, సి, డి అని నాలుగు జట్లు. ఒక్కో జట్టుకు మూడే మ్యాచ్‌లు. ఫైనల్‌ లేదు, పాయింట్లే లెక్క. గెలిస్తే ఆరు, డ్రా అయితే తొలి ఇన్నింగ్స్‌లో పైచేయి సాధించిన జట్టుకు మూడు, రెండో జట్టుకు ఒకటి. రెండు రౌండ్లయ్యేసరికి రుతురాజ్‌ గైక్వాడ్‌ నాయకత్వంలోని ఇండియా సి తొమ్మిది పాయింట్లతో ముందుంది. బి ఏడు, ఎ ఆరు. శ్రేయస్‌ అయ్యర్‌ సారథ్యంలోని డి ఖాతాలో సున్నా!

అప్పుడు ఎవరిని అడిగినా ట్రోఫీ సి జట్టుదేనని చెప్పేవారు. ఆఖరి మ్యాచ్‌లో ఆ జట్టుకు లక్ష్యం 350 పరుగులు. సాయి సుదర్శన్‌ సెంచరీ కొట్టాడు. మరో మ్యాచ్‌లో బి ఓడిపోయింది కాబట్టి సి డ్రా చేసుకున్నా పది పాయింట్లతో ట్రోఫీ ఎగరేసుకుపోయేదే. కానీ చివరి రోజు వికెట్లు రాలిపోయాయి. 132 పరుగులతో నెగ్గిన ఇండియా ఎ 12 పాయింట్లతో విజేత అయింది. మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టు అది!

82 మ్యాచ్‌లున్నా...

మూడే మ్యాచ్‌లు కాబట్టి అంచనా తప్పిందనుకోవచ్చు. మరి ఎక్కువ మ్యాచ్‌లుంటే? అమెరికా బాస్కెట్‌బాల్‌ లీగ్‌ ఎన్‌బీఏలో 30 జట్లు ఒక్కోటీ 82 మ్యాచ్‌లు ఆడతాయి. వాటిలో 16 ప్లేఆఫ్స్‌కు చేరతాయి. అన్ని మ్యాచ్‌లు ఆడితే అదృష్టం, దురదృష్టం చాలావరకూ సమానమైపోతాయి. నిజమైన బలం బయటపడుతుంది. అందుకే అక్కడ వచ్చే సీజన్‌ గురించి జోస్యం చెప్పడం కాస్త తేలిక. అయినా డెట్రాయిట్‌ పిస్టన్స్‌ను చూడండి. 2023-24లో వరసగా 28 మ్యాచ్‌లు ఓడి, మొత్తం 14 మాత్రమే గెలిచిన జట్టది. మరుసటి సీజన్లోనే 44 గెలిచి దర్జాగా ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది!

రైతుకు ఒకటే మ్యాచ్‌

మరి అనంత రైతు? అతనికి ఏడాదికి ఒకటే మ్యాచ్‌. పడమటి కనుమలు అడ్డుపడి నైరుతి మేఘాలు ఇక్కడికి చేరేసరికి తేలిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాలోనే చాలావరకూ కురిసేస్తాయి. ఏడాది మొత్తానికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఎప్పుడు కురుస్తుందన్నదే అసలు ఆట. పదునుకు వాన పడితే వేరుసెనగ విత్తుతారు. పూత వచ్చి ఊడలు నేలలోకి దిగే వేళ చినుకు లేకపోతే, ముందూ వెనకా ఎంత కురిసినా కాయ ఊరదు. మొత్తం లెక్కలో వర్షపాతం సాధారణమే... ఇంట్లోకి వచ్చే పంట మాత్రం సగం!

అంచనాలకు కొదవలేదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణం, ఆ తర్వాత కార్తెల లెక్క, ఏప్రిల్‌లో వాతావరణ శాఖ జోస్యం. 2024లో దేశమంతటికీ కలిపి 106 శాతం వర్షపాతమని ఆ శాఖ చెప్తే 108 శాతం నమోదైంది. 2009లో 96 శాతమని చెప్తే 78 శాతం దగ్గరే ఆగిపోయింది. పైగా అది దేశం మొత్తం సగటు. ఒక ఊరి చేనుకు అది హామీ కాదు. అంతకన్నా కొద్దిరోజుల ముందుచూపే నమ్మదగింది. అందుకే వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా ఇచ్చే సలహాలు రైతుకు ఎక్కువ అక్కరకొస్తాయి.

ఒక్క జోస్యాన్నే నమ్ముకోకూడదని ఇక్కడి సేద్యానికి ఎప్పుడో తెలుసు. వేరుసెనగ మధ్య కంది, ఆముదం సాళ్లు వేయడం అందుకే. ఒకటి ఓడినా ఇంకొకటి నిలుస్తుంది. క్రికెట్‌ జోస్యం తప్పితే పోయేది పందెం కాసినవాడి పరువు. వాన జోస్యం తప్పితే పోయేవి విత్తనాలు, ఎరువులు, వాటికోసం తెచ్చిన అప్పు. అందుకే అనంతలో గెలుపంటే సరిగ్గా ఊహించడం కాదు. ఊహ తప్పినా మరుసటి ఏడు మళ్లీ విత్తనం చేతబట్టగలగడం!