మా భీమవరము

మా వారిది ఉపాధ్యాయవృత్తి యగుటచే ఊరూరు తిరుగుట మాకు అలవాటే. అట్లు తిరిగి తిరిగి భీమవరము చేరి పదియేండ్లు కావచ్చినది. ఇచ్చటనే స్థలము కొని చిన్న యిల్లు కట్టుకొందమా యని నిరుడు మాలో మేము ఆలోచించుకొంటిమి. ఊరి మంచిచెడ్డలు తెలియక యిల్లు కట్టుకొనరాదు గదా! ఆ విచారణలో మాకు తెలియవచ్చిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

భీమవరము పశ్చిమ గోదావరి డెల్టాలో, సముద్రమునకు చేరువను, పల్లపు నేలపై వెలసిన పట్టణము. చాళుక్యభీముని పేరనే దీనికి ఈ నామము కలిగినదని పెద్దలు చెప్పుదురు. గునుపూడి సోమేశ్వరాలయము పంచారామములలో నొకటి. అందలి లింగము పున్నమినాడు తెల్లగను, అమావాస్యనాడు నల్లగను కన్పట్టునని ప్రతీతి. క్రింది అంతస్తున శివుడును, పై అంతస్తున అన్నపూర్ణయు కొలువై యున్నారు. మేము వచ్చిన క్రొత్తలో మా పొరుగింటి పిన్నిగారు దర్శనమునకు తోడు వచ్చి, “ఇల్లాలిని నెత్తిమీద పెట్టుకున్న దేవుడమ్మా! ఈ ఊళ్ళో అన్నానికి లోటుండదు” అనిరి.

ఆ అన్నము గోదావరి చలువ. కాటను దొర ధవళేశ్వరము కడ 1847లో ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తికాగా, విజ్జేశ్వరము నుండి పశ్చిమపు కాలువలు బయలుదేరి ఈ ప్రాంతమును వరిపొలముగా మార్చినవి. వరి వలన ధనము, ధనము వలన విద్యయు వచ్చినవి. దంతులూరి నారాయణరాజు కళాశాల 1945లోనే వెలసినది. 1980లో నొక ఇంజనీరింగు కళాశాలయు, 2001లో కేవలము స్త్రీలకొరకే మరియొకటియు నేర్పడినవి. సాయంకాలమున పుస్తకముల సంచులు భుజమున వేసికొని గుంపులుగా నడచివచ్చు ఆడపిల్లలను చూచునపుడు, ఇంటిలోనే నాల్గు ప్రబంధములు చదువుకొని తృప్తిపడిన మాబోంట్లకు కన్నులు చెమర్చును.

2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన జిల్లాలను పునర్వ్యవస్థీకరించినపుడు భీమవరము పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమైనది. అదే యేడు జూలై 4న అల్లూరి సీతారామరాజు ముప్పదియడుగుల కంచువిగ్రహమును ప్రధానమంత్రి ఇచ్చట ఆవిష్కరించిరి. అప్పటినుండి కచేరీలు పెరిగినవి, ఉద్యోగులు వచ్చిరి, అద్దెలు హెచ్చినవి. మేము స్థలము మాట తలపెట్టుటకు ఆ అద్దెలే మొదటి కారణము.

నేటి భీమవరమును పోషించునది వరి యొక్కటియే కాదు, చేపయు రొయ్యయును. ఇక్కడి స్త్రీలకు సైతము ‘కౌంటు’ అను మాట కొట్టినపిండి. కిలోకు నూరు రొయ్యలు తూగినచో నూరు కౌంటు. ముప్పదియే తూగినచో ముప్పది కౌంటు. కౌంటు తగ్గినకొలది రొయ్య పెద్దది, ధర యెక్కువ. మొదట పెంచిన టైగరు రొయ్యను 1994–95లో తెల్లమచ్చల తెగులు నాశనము చేసెను. 2009 నుండి ప్రభుత్వానుమతితో వచ్చిన వనామీ జాతి మరల చెరువులను నింపినది. ఇది అమెరికాఖండపు పసిఫిక్ తీరమున పుట్టిన జాతి. ఇచ్చట పెరిగినదానిలో కొంతభాగము అమెరికా దేశపు భోజనపు బల్లలకు చేరుచున్నది. తెల్లవారకమునుపే పల్లెలనుండి వ్యానులలో వచ్చు స్త్రీలు మంచునీటిలో చేతులు నానగా రొయ్యల తలలు త్రుంచి పొట్టు తీయుదురు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు, ఎన్నడును ఆ దేశమును చూడని ఈ స్త్రీలు కూడ, రేపు పని యుండునా యని దిగులుపడిరి.

ఇక నీటి మాట. స్థలము బేరము కుదురుచున్నదని విని పిన్నిగారు మమ్ము పిలిచి, “అమ్మాయ్, బయానా ఇచ్చేముందు అక్కడి బోరునీళ్ళతో గుప్పెడు కందిపప్పు ఉడకేసి చూడు. మీ మేష్టారు కాగితాలు చూస్తారు, నువ్వు నీళ్ళు చూడు” అనిరి. ఊరి వెలుపల, రొయ్యల చెరువులకు సమీపమున నున్న ఆ స్థలము విశాలమైనది, వెల తక్కువ. ప్రక్కయింటివారి నడిగి బిందెడు నీరు తెచ్చితిమి. గంటసేపు ఉడికించినను పప్పు పలుకుగనే యున్నది. గిన్నె కడుగగా తెల్లని చార మిగిలినది. ఆ యింటి యిల్లాలు వంటకును త్రాగుటకును టిన్నులనీరు కొనుచున్నదట. చుట్టును కనుచూపుమేర నీరు. లోటాలోనిది మాత్రము కొన్న నీరు!

కారణము దుర్గ్రాహ్యము కాదు. సముద్రము చేరువ యగుటచే నేలలో ఉప్పు స్వభావసిద్ధము. దానికి తోడు రొయ్యలకొరకు లోతుబోరులనుండి ఉప్పునీటిని పైకి తోడగా, అది చెరువులనుండి ప్రక్కపొలములలోనికి ఊరుచున్నది. చెరువులు మార్చిన నీరును, ఊరి మురికియు యనమదుర్రు వంటి మురుగుకాలువలలో కలియుచున్నవి. కుళాయికి వచ్చునది గోదావరి కాలువ నీరే. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక, పురపాలకసంఘమువారు ముందుగనే చెరువులు నింపుకొని సరిపెట్టవలెను. ఊరు పెరిగినకొలది ఆ చెరువులు చాలవు.

ఇది గ్రహించినవారిలో స్త్రీలు వెనుకబడియుండలేదు. సమీపమున తుందుర్రులో రొయ్యల శుద్ధి కర్మాగారము కట్టునపుడు, దాని మురుగు గొంతేరులో కలిసి తమ బ్రతుకులు చెడునని గ్రామస్థులు 2016లో ఆందోళన చేసిరి. అందు స్త్రీలు ముందు నిలిచిరి, చెరసాలకు సైతము పోయిరి. రొయ్య వలన వచ్చు పని ఎవరికిని చేదు కాదు. ఆ పని యిచ్చు చేయియే బిందెలో ఉప్పు కలుపరాదనియే వారి మొఱ.

తుదకు మేము ఆ విశాలస్థలము విడిచి, ఊరినడుమ కుళాయి గల వీధిలో సగము స్థలమును అంతకెక్కువ వెలకు కొంటిమి. పూలమొక్కలకు చోటు లేదు. అందుకై చేయించుకొనదలచిన నగ మానుకొంటిమి. విచారము లేదు. కాని టిన్నులనీరు కొనుచున్న ఆ యిల్లాలు మా మనస్సునుండి తొలగుట లేదు. మేము తప్పించుకొంటిమి, ఆమెకు తప్పించుకొను దారి లేదు.

కావున సోదరీమణులారా! మీ యూరు పెరుగుచున్నదని సంతోషించునపుడు నీటిని గూర్చి కూడ విచారింపుడు. కాలువలో చెత్త వేయకుడు, వేయువారిని వారింపుడు. ఓట్లడుగ వచ్చినవారిని వేసవి చెరువుల సంగతియు, మురుగు శుద్ధి సంగతియు అడుగుడు. గడపలోనికి వచ్చిన పెద్దమనుష్యునికి ఇంటిబోరు నీరు లోటాతో నిచ్చి, త్రాగి చూడుమనుడు. అన్నపూర్ణ కొలువైన యూరిలో పప్పు ఉడుకు నీటిని కోరుట అత్యాశ కాదు గదా!