నక్షత్రముల లెక్క

పూర్వము మా కంబదూరు ప్రాంతమునుండి కాశికి పోవువారు, తిరిగి వత్తుమను నమ్మకము లేక, ఆస్తి పంచి యిచ్చి పోయెడివారని మా అమ్మ చెప్పుచుండును. గత సంవత్సరము వేరుశనగ చేతికి రాలేదు. మా సీమలో అది వింత గాదు. అయినను జీతములో మిగిల్చిన సొమ్ముతో డెబ్బదినాలుగేండ్ల మా అమ్మను కాశికి తీసికొనిపోవ నిశ్చయించి, బెంగుళూరునుండి విమానమునకు రెండు టిక్కెట్లు కొంటిని. ఆ కంపెనీ పేరు చెప్పను. వారిమీద ఫిర్యాదు చేయు అర్హతను నేనే పోగొట్టుకొంటిని. అది యెట్లో ముందు చెప్పెదను.

తెల్లవాఱకముందే పెనుకొండ దగ్గఱ పెద్దరోడ్డెక్కి దేవనహళ్లి చేరితిమి. విమానము ఒక గంట ఆలస్యమనిరి. పిమ్మట రెండు గంటలనిరి. తుదకు అయిదు గంటలైనది. కారణము ఇంగ్లీషునను హిందీలోను చెప్పిరి: నిర్వహణ సంబంధమైన కారణములట! ఇరువదేండ్లుగా బడిలో ఇంగ్లీషు చెప్పుచున్నవాడనయ్యు, ఆ మాటను అమ్మకు అర్థమగునట్లు చెప్పలేకపోతిని.

“ఏంరా నాయనా, ఎప్పుడు పోతాదంట?” అని అడిగెను.

“ఇంకొక గంట అంటున్నారమ్మా.”

“మన కళ్యాణదుర్గం బస్సు దారిలో నిలిచిపోతే కండక్టరు దిగి, వెనకొచ్చే బస్సును ఆపి మనల్ని ఎక్కిస్తాడు గదరా. ఈడ ఆయప్ప యాడున్నాడు?”

నేను మాటాడలేదు. ఆమె విమానము వేళకు రాలేదని కోపగించలేదు. వాన వేళకు రాని సీమలో పుట్టి పెరిగినది. కాచుకొనుట ఆమెకు క్రొత్త గాదు. ఆమె వెదకినది కండక్టరును, అనగా తప్పు జరిగినప్పుడు ఎదుట నిలిచి ముఖము చూపు మనిషిని.

ఆలస్యము రెండు మూడు గంటలు మించినచో, ప్రయాణ దైర్ఘ్యమును బట్టి, ప్రయాణికులకు ఫలాహారమీయవలెనని మన దేశమున పౌర విమానయాన శాఖవారి నియమము కలదు. ఆనాడు నాకది తెలియదు. తెలిసిన నలుగురు పోయి గట్టిగా అడిగిరి. వారికి పొట్లములు దొరకినవి. అడుగనివారు ఊరకుండిరి. మా యమ్మ ఇంటినుండి తెచ్చిన రొట్టెను మేమిద్దఱము పంచుకొంటిమి.

మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగనిరి. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. తన సరకును తానే పొగడుకొను వర్తకుడు ఆప్తుడెట్లగును? ఈ చిక్కు కంపెనీలకును తెలియును. కావుననే వారు నేడు పొగడ్తకు మాఱు అంకెలు చూపుచున్నారు. ప్రభుత్వపు శాఖవారు సయితము ఏ కంపెనీ విమానములు నూటికెన్ని వేళకు నడచినవో, పదివేలమంది ప్రయాణికులకెన్ని ఫిర్యాదులు వచ్చినవో నెలనెలా ప్రకటింతురు. మంచి పనియే. కాని యీ లెక్కలో 15 నిమిషముల లోపలి ఆలస్యము ఆలస్యము గాదు. పైగా, ప్రయాణమునకు నిజముగా పట్టు కాలముకంటె పట్టికలో కొంత ఎక్కువ వ్రాసికొనుట ప్రపంచమంతటను విమాన కంపెనీలకు అలవాటు. వేళను నిర్ణయించువాడును, వేళకు వచ్చితినని చాటుకొనువాడును ఒక్కడే! వేళ తప్పిన విమానముల లెక్కలో పదియాఱు నిమిషములును అయిదు గంటలును సమానములే. (రెండు గంటలు మించిన ఆలస్యములకు వేఱుగ లెక్క కలదు, అదియు చెప్పుట న్యాయము.) ఇక ఫిర్యాదుల లెక్కలోనికి ఫిర్యాదు వ్రాయగలవారే వత్తురు. మా అమ్మవంటివారు ఏ నెల పట్టికలోను కానరారు.

నక్షత్రముల సంగతి మఱింత వింత. 2003లో కెప్టెన్ గోపీనాథ్ బెంగుళూరున ఎయిర్ డెక్కన్ను నడపించినప్పుడు, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుని బొమ్మయే దానికి గుఱుతు. తిండి ఉచితము గాదు. కొన్ని టిక్కెట్లు ఒక్క రూపాయికే అమ్మిరి. ఆలస్యములకు తిట్టినవారును, మొదటిసారి ఆకాశమెక్కితిమని దీవించినవారును ఉండిరి. 2005లో విజయ్ మాల్యా కింగ్‌ఫిషర్ బయలుదేఱినది. లండనులోని స్కైట్రాక్స్ వారు దానికి అయిదు నక్షత్రములిచ్చిరి. ఎయిర్ డెక్కన్ దానిలోనే కలిసిపోయినది. 2012 అక్టోబరులో, నెలల తరబడి జీతములందని ఉద్యోగులు పని మానగా, ఆ అయిదు నక్షత్రముల విమానములు నేలనే నిలిచిపోయినవి. మెత్తని కుర్చీని పరీక్షించినవారికి అందు కూర్చుండబెట్టిన పిల్లకు జీతము ముట్టినదో లేదో కానరాదు గదా.

2025 డిసెంబరులో జరిగినది చదువరులు మఱచియుండరు. వేళకు నడచుటయే తన గొప్పగా చెప్పుకొనుచు వచ్చిన ఇండిగో, పైలట్ల విశ్రాంతికి సంబంధించిన క్రొత్త నియమములకు సిద్ధపడక, ఒక్క దినముననే వేయికి పైగా విమానములను రద్దు చేసెను. పైలట్లకు విశ్రాంతి వలదని ఏ ప్రయాణికుడును కోరలేదు.

ఇక నా తప్పు. కాశిలో దిగగానే, బస చిరునామాకై ఫోను తెఱచితిని. “మా సేవ ఎట్లున్నది?” అని కంపెనీవారి ప్రశ్న అడ్డము నిలిచినది, క్రింద అయిదు నక్షత్రములు. అమ్మ నిలువలేక నా భుజము పట్టుకొనియుండెను. ఆ ప్రశ్న తొలగిపోవలెనని అయిదింటిని నొక్కితిని. తండ్రి చేవ్రాలు తామే పెట్టి తెచ్చిన పిల్లలను బెంచీ యెక్కించు ఉపాధ్యాయుడను నేను!

ఊరు చేరిన తరువాత ఇరుగుపొరుగువారు విమానమెట్లున్నదని అమ్మ నడిగిరి. ఆమె ఆలస్యము మాటయే యెత్తలేదు. నేలతుడుచు నొకామె మా తెలుగు విని, తనది మడకశిర దగ్గఱి పల్లె యని చెప్పి, చేయి పట్టి మరుగుదొడ్డికి తీసికొనిపోయి, సీసాలో నీళ్లు నింపి యిచ్చినదట. “విమానమోళ్లు మంచోళ్లే” అనెను. ఆ మడకశిర యామె విమాన కంపెనీ మనిషి గాదు. ఎవరో గుత్తదారుని కూలి. ఆ సంగతి చెప్పబోయి మానుకొంటిని. ఏమైనను అమ్మ సాక్ష్యము జరిగినదాని గుఱించి. నాది జరుగనిదాని గుఱించి.

తిరుగు ప్రయాణపు ముచ్చట యొకటి మఱచితిని. ఆనాడు విమానము వేళకే దిగినది. ఫోనులో ఆ ప్రశ్న మరల వచ్చినది. ఈసారి బుద్ధి తెచ్చుకొని, ఎన్ని నక్షత్రములు ఇమ్మందువని అమ్మనే అడిగితిని.

“చుక్కలెంచేది రాత్రి గదరా నాయనా. ముందు నా గంగ చెంబు యాడుందో చూడు” అనెను.