కండెల బుట్టలో మాత్రలు

మూడేండ్ల కిందట ఉగాదికి ఇల్లు కడుక్కుంటా ఉంటే, మా నాయన నేసిన పాత మగ్గం గుంత పక్కన కండెల బుట్ట అడుగున 31 మాత్రలు దొరికినాయి. అన్నీ నా తమ్మునివి. రోజూ రాత్రి అన్నం తిన్నాక నా చేత్తో ఇచ్చినవే. నా ఎదురుగా నోట్లో ఏసుకుని నీళ్లు తాగి, నేను వంటింటి వైపు తిరగ్గానే ఉమ్మేసి దాచినాడు.

ఆ పొద్దు నేను వాణ్ని కొట్టినాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇది రాయకుండా మిగతాది రాస్తే లాభం లేదు. "నీ మందుల కోసం మీ బావ రెండు షిఫ్టులు చేస్తా ఉంటే నువ్వు బుట్టలో దాస్తావా" అని వీధికి వినపడేట్టు అరిచినాను. వాడు చెయ్యెత్తలా, మాట తిరగెయ్యలా. చానాసేపటికి చెప్పినాడు: "అక్కా, ఆ మాత్ర పడితే కాళ్లు నిలవవు. కూర్చుంటే లెయ్యాలనిపిస్తాది, లేస్తే నడవాలనిపిస్తాది. ఒంటి లోపల ఎవరో మగ్గం ఆడిస్తా ఉన్నట్టుంటాది. చెప్తే పిచ్చోని మాటలంటారని చెప్పలా."

వానికి జబ్బు మొదలైనప్పుడు 22 ఏండ్లు. వై.ఎన్.హొసకోటలో పట్టుచీరల పని చేసే ఇండ్లల్లో పుట్టిన పిల్లోడు, జరీ పోగు తెగితే చూడకుండా వేలితో తడిమి అతికేవాడు. అట్లాంటోడు మగ్గం చప్పుడులో తన్ను తిట్టే మాటలు వినపడతాయని పని మానేసినాడు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించినాం, ముడుపులు కట్టినాం, అమాసలకు తిరిగినాం. ఏడాది పోయినాక టౌన్‌లో ఒక డాక్టరుకు చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నాడు, మాత్రలు రాసినాడు.

మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజు వాని మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. కనుగుడ్లు పైకి పోయి నిలబడినాయి, నాలుక మడత పడింది. దయ్యమే వచ్చిందని మా అత్త సాంబ్రాణి పొగ ఏసింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే ఒక సూది ఏసినారు. అరగంటలో మెడ సర్దుకుంది. అది దయ్యమూ కాదు, జబ్బు ముదరడమూ కాదు. హాలోపెరిడాల్ లాంటి మందులకు కొందరి కండరాలు అట్లా బిగుసుకుంటాయి, ముఖ్యంగా వయసు పిల్లోళ్లకు, మొదటి రోజుల్లో. విరుగుడు మందు ఉంది. ఇంత చిన్న సంగతి ముందే ఎవరన్నా చెప్పింటే ఆ రాత్రి మేము అంత బెదిరిపోయే వాళ్లం కాదు.

తర్వాత చేతులు వణికినాయి. పోగు అతకలేకపోయినాడు. ఆ తర్వాత నడక మొదలైంది. గడప నుంచి వీధి చివరి దాకా, అక్కడ నుంచి గడపకు, రాత్రి ఒంటిగంటకు కూడా. మేము జబ్బు ఎక్కువైందనుకున్నాం. డాక్టరుకు అట్లనే చెప్పినాం. ఆయనా రెండు నిమిషాలు చూసి మందు పెంచినాడు. మందు పెరిగే కొద్దీ నడక పెరిగింది. నడక పెరిగే కొద్దీ మేము మాత్ర గట్టిగా మింగించినాం. చివరికి వాడు బుట్ట వెతుక్కున్నాడు.

కొట్టిన మరుసటి వారం వాణ్ని పావగడ తాలూకా ఆసుపత్రికి తీసుకుపోయినాం. కర్ణాటకలో 2014 నుంచి మనోచైతన్య అని ఒక పథకం ఉంది. మంగళవారం పూట మానసిక వైద్యులు తాలూకా ఆసుపత్రులకు వచ్చి చూస్తారు. నేను 31 మాత్రలూ గుడ్డలో మూటకట్టుకుని పోయి ఆ డాక్టరమ్మ ముందర పెట్టినాను, వీడి మీద ఫిర్యాదు చెప్పినట్టే. ఆమె మాత్రలు పక్కకు జరిపి తమ్మునితో మాట్లాడింది. "కాళ్లు ఎట్లా ఉన్నాయప్పా? కూర్చోబుద్ధి అవుతుందా?" అని అడిగింది. ఇన్నేండ్లలో వాణ్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. వాని కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

ఆ కుదురులేనితనం మందు వల్లే వస్తుందనీ, మందు తగ్గిస్తేనో మారిస్తేనో పోతుందనీ చెప్పింది. పక్కింటోళ్ల మాట విని ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం జబ్బు తిరగబెడుతుందంది. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. మందు పనిచెయ్యలేదని అనే ముందు, ఆ మందు కడుపులోకి పోయిందా లేదా తేలాలి. సగం ఉమ్మేసిన మందును చూసి ఇంకా పెద్ద మందు రాస్తే మనిషి నలిగిపోతాడు.

ఇంటికొచ్చి పిల్లల పాత నోటుపుస్తకం తీసినాం. తారీకు, మాత్ర ఏసుకున్నాడా, ఎంతసేపు నిద్రపోయినాడు, కాళ్లు, చేతి వణుకు, విరేచనం, మాటలు ఎంత గట్టిగా వినపడినాయి, ఇవన్నీ గీతలు కొట్టి రాసినాం. మాటల సంగతి వాడే రాసుకునేవాడు. ఒక మందు మార్చి ఓలాంజాపైన్ ఇచ్చినారు. పది రోజుల్లో నడక తగ్గింది, నిద్ర పట్టింది. కానీ ఆకలి పెరిగింది. రెండు ముద్దల సంగటి తినేవాడు నాలుగు అడిగేవాడు. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగినాడు. అది కూడా పుస్తకంలోకి ఎక్కింది. చక్కెర పరీక్ష చేయించినారు, ముద్ద పక్కన ఆకుకూర పప్పు పెంచమన్నారు, పొద్దున నడవమన్నారు. బీడీ సంగతి కూడా అడిగినారు. పొగ తాగితే ఈ మందు ఒంట్లో తొందరగా కరిగిపోతుందంట. బీడీ ఒక్కసారిగా మానేస్తే మందు ఒంట్లో ఎక్కువైపోతుందంట. అందుకని మానేటప్పుడు కూడా డాక్టరుకు చెప్పాలి.

ఒక్క పూట తప్పకుండా మూడు నెలలు మింగినాడు. మాటలు తగ్గినాయి కానీ పోలేదు. మళ్లీ మనసు చెదిరింది నాకు. అప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌కు రాసిచ్చినారు. తెల్లారుజామున బస్సు, మధుగిరి మీదుగా. అక్కడ మా నోటుపుస్తకాన్ని చిన్నచూపు చూడలేదు, పేజీ పేజీ తిప్పి చూసినారు. వేరు వేరు రెండు మందులు, సరైన మోతాదులో, ఒక్కోటి కనీసం ఆరు వారాలు నిజంగా మింగినా తగ్గకపోతే, అప్పుడు క్లోజాపైన్ అనే మందు ఆలోచిస్తారు. నలుగురైదుగురిలో ఒకరికి ఇట్లా మామూలు మందులు సరిపోవంట. అది రోగి తప్పు కాదు, ఇంటోళ్ల తప్పూ కాదు. మొదటి రెండు మందుల లెక్క తేల్చడానికి మా పుస్తకం పనికొచ్చింది.

క్లోజాపైన్‌కు కాపలా ఎక్కువ. రక్తంలో తెల్ల కణాలు పడిపోయే ప్రమాదం కొద్దిమందికి ఉంటుంది. అందుకని మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తపరీక్ష, తర్వాత ఏడాది దాకా రెండు వారాలకొకసారి, ఆ పైన నెలకొకసారి చేయించమన్నారు. దగ్గరలోనే పరీక్ష చేయించి రిపోర్టు చూపిస్తే చాలన్నారు, లేకుంటే మా కూలీ అంతా బస్సుకే పోయేది. అయినా ఒక వారం మా ఆయన, ఒక వారం నేను పని పోగొట్టుకున్నాం. జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే మామూలు జలుబనుకోకుండా అదే రోజు రక్తం చూపించాలి. నిద్రలో చొంగ కారుతుంది, దిండు మీద తువ్వాల ఏస్తాం. మలబద్ధకాన్ని మాత్రం చిన్నదనుకోవద్దన్నారు, ప్రాణం మీదికి రావచ్చంట. రెండు రోజులు మందు తప్పితే మూడో రోజు పాత మోతాదే మింగెయ్యకూడదు, డాక్టరును అడిగి మళ్లీ కొంచెం నుంచి మొదలుపెట్టాలి.

మన తుమకూరు జిల్లాలోనే తురువేకెరె తాలూకాలో నిమ్హాన్స్ డాక్టర్లు ఇట్లాంటి రోగులను వాళ్ల ఊర్లలోనే చూస్తా ఏండ్ల తరబడి పని చేసినారు. అంటే మనలాంటి పల్లెల్లో ఈ వైద్యం నడవదనేదేమీ లేదు. ఎవరిని అడగాలో తెలియనోళ్లు 14416కు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం వాళ్ల టెలి మానస్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు.

ఇప్పుడు మా తమ్ముడు పూర్తిగా బాగైనాడని రాయను. మాటలు వినపడతానే ఉంటాయి, కానీ పక్క వీధి మగ్గం మాదిరి దూరంగా ఉంటాయంటాడు. కండెలు చుడతాడు, రోజుకు కొంచెం కూలీ వస్తుంది. పోయిన నెల ఒక పొద్దు మగ్గం కాడ తెగిన పోగు తానే అతికినాడు. రెండు మూడు సార్లు జారింది, నాలుగోసారి ముడి పడింది. మా ఆయన చూసి కూడా చూడనట్టు పక్కకు పోయినాడు.

రాత్రి మాత్ర వాడే తీసుకుంటాడు. నోరు తెరువు చూద్దామని నేను ఇప్పుడు అడగను. "ఈ పొద్దు ఏమన్నా ఇబ్బంది ఉందా నాయనా?" అని అడుగుతాను. ఉంటే చెప్తాడు, పుస్తకంలో రాసుకుంటాం. ఆ కండెల బుట్ట ఇంకా ఆడనే ఉంది, అందులో ఇప్పుడు కండెలే ఉంటాయి.