ఒక ఘటిక సేపు

"తీగ పట్టుకోని పైకి పోతే ఆ పుణ్యం తీగకొస్తాది గానీ మనకేమొస్తాది?" అంది మా అమ్మ. మోకాళ్ళకు నూనె రుద్దుకుంటా అన్న మాట అది. అందుకని ఎవరమూ ఎదురు చెప్పలేదు.

మాది తిరుచానూరు. ఏడుకొండలెక్కి దిగినవాళ్ళు పిక్కలు పట్టేసి, గుండ్లు మెరిపించుకుంటా మా వీధుల్లో అమ్మవారి గుడికి పోతుంటారు. మేము కొండ కింది మనుషులం. అలమేలుమంగమ్మే కొండెక్కకుండా ఇక్కడ ఉండిపోయింది గనక మాకూ ఎత్తుల మీద పెద్ద మోజు లేదు. ఒక్క షోళింగర్ సంగతి వేరు. మా ఇంట్లో ఏ మొక్కైనా ఆ యోగ నరసింహస్వామికే. నన్ను చంకనేసుకుని అమ్మ ఆ పెద్దకొండ 1,305 మెట్లూ ఎక్కిందంట. ఆ లెక్క ఆమె నోట విన్నన్ని సార్లు బళ్ళో ఎక్కాలు కూడా వినలేదు నేను.

మోకాళ్ళు అరిగినాక పదేళ్ళుగా ఆమె అటు పోలేదు. డోలీలో పోదామంటే ఒప్పుకోదు. "నలుగురి భుజాల మీద పొయ్యేది ఒక్కసారే. దానికింకా టైముండాది" అంటుంది.

2024 మార్చిలో అక్కడ రోప్ కార్ మొదలైంది. అప్పటి నుంచి నా భార్య చెప్తానే ఉంది, అమ్మ వింటానే ఉంది, ఎవరూ కదల్లేదు. కదిలించింది మా అన్న కొడుకు. జర్మనీలో, మ్యూనిక్‌లో ఉద్యోగం వాడికి. అమ్మవారి బ్రహ్మోత్సవాలకని వచ్చి, పంచమీ తీర్థం నాడు పద్మసరోవరంలో ఆ జనంలోనే మూడు మునకలేసి, రెండు రోజులు పడుకుని లేచి, "అవ్వా, ఇది చూడు" అని ఫోను చేతికిచ్చినాడు. జుగ్‌స్పిట్జ అని జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. 2,962 మీటర్లు. 2017 డిసెంబరులో దానికి కొత్త కేబుల్ కార్ వేసినారు. దారి మొత్తానికీ 127 మీటర్ల స్తంభం ఒక్కటే. దాన్ని దాటినాక 3,213 మీటర్ల పొడుగున ఏ ఆసరా లేకుండా తీగ అట్లా వేలాడతానే ఉంటుంది. వీడియోలో పెట్టె మంచు మీదుగా తేలిపోతా ఉంది. అమ్మ చూపు మాత్రం కొండ కొన మీద నిలిచింది.

"అదేందిరా పైన మెరుస్తా ఉండాది?"

"శిలువ అవ్వా. బంగారు రేకు తొడిగినారు."

"చూసినావా! వాళ్ళు కూడా కొనమీదే పెట్టుకున్నారు దేవుణ్ణి. మరి అందరూ నడిచే పోతారా?"

"నడిచేవాళ్ళు కొందరు. మిగతా జనమంతా దీంట్లోనే."

అమ్మ ఫోను తిరిగిచ్చేసింది. రాత్రి అన్నాలయినాక, "పొద్దున్నే చిత్రాన్నం కలపమ్మా, పెరుగన్నం నేను చూసుకుంటా" అని నా భార్యకు చెప్పింది. ప్రయాణం ఖాయమైందని మాకు తెలిసింది అట్లా.

కార్తీకంలో ఆదివారాలు షోళింగర్‌లో కాలు పెట్టే సందుండదు. ఏడాదంతా కళ్ళు మూసుకుని యోగంలో ఉండే స్వామి ఈ నెలలో కళ్ళు తెరుస్తాడని నమ్మకం. తమిళుల కార్తీకం మన కార్తీకం పోయినాక కూడా కొన్నాళ్ళు నడుస్తుంది గనక మాకు వీలు దొరికింది. మంగళవారం పెట్టుకున్నాం. వడమాలపేట, పుత్తూరు దాటేసరికి ఎండ ముదిరింది. పుత్తూరులో, విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోను వచ్చేవాళ్ళను చూసి అమ్మ, "మోకాళ్ళకు కూడా కట్టు కడితే బాగుండు" అని ప్రతిసారీ అనే మాటే మళ్ళీ అనింది. నగరి దగ్గర కొండ ముక్కులాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. సముద్రంలో వచ్చే ఓడలవాళ్ళు ఒకప్పుడు దాన్ని గుర్తుగా పెట్టుకునేవాళ్ళంట. తెల్లవాళ్ళు దానికి నగరి ముక్కు అనే పేరు పెట్టినారు. మా పాప తన ముక్కు పట్టుకుని దాంతో సరిచూసుకుంది.

నగరి నుంచి పళ్ళిపట్టు దారి పట్టినాక బోర్డులు తమిళంలోకి మారినాయి, మాటలు మారలేదు. టీ అంగట్లో, "నీళ్ళు చల్లంగా ఉండాయా అన్నా?" అని నేనడిగితే, "ఉండాయి సామీ, తాగండి" అన్నాడాయన. గోడ మీదున్న సినిమా పోస్టరు మాత్రం తమిళం. తిరుత్తణి, పళ్ళిపట్టు ఒకప్పుడు మా చిత్తూరు జిల్లావే. పటాస్కర్ తీర్పు తరువాత సరిహద్దులు దిద్దినప్పుడు, 1960 ఏప్రిల్ ఒకటిన మద్రాసు రాష్ట్రంలో కలిసినాయి. మా తాత తరం వాళ్ళకు తిరుత్తణి పోయిందన్న దిగులు చాలా కాలం ఉండేది. తిరుపతి మనకు దక్కింది కదా అని వాళ్ళకు వాళ్ళే సర్ది చెప్పుకునేవాళ్ళు. రాష్ట్రం మారినా ఇండ్లలో మాట ఎందుకు మారుతుంది? టీ అంగడాయన కూతుర్ని పుత్తూరులో ఇచ్చినాడంట. అమ్మ పది నిమిషాల్లో ఆయన వియ్యంకుడి ఊరు దాకా పోయి వచ్చింది.

షోళింగర్ ఊరు దాటి కొండపాళ్యం చేరితే రెండు కొండలూ ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. పెద్దకొండ మీద నరసింహుడు, చిన్నకొండ మీద ఆంజనేయుడు. వైష్ణవులకు ఇది నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి. ఆళ్వార్లు తిరుక్కడిగై అన్నారు, మనవాళ్ళు ఘటికాచలం అంటారు. ఘటిక అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఆ కొండ మీద అంతసేపు నిలిస్తే చాలు, మోక్షమని చెప్తారు. ఇంత చవగ్గా మోక్షమిచ్చే చోటు ఇంకెక్కడా నేను వినలేదు. పైకెక్కను పట్టే టైమును మాత్రం ఆ లెక్కలో ఎవరూ కలిపినట్టు లేదు.

మెట్ల మొదట్లో కట్టెలు పట్టుకుని కొందరు ఎక్కుతున్నారు. కోతులకు. ఈ కొండ కోతులు మా తిరుమల కోతులకు పెద్దన్నలు. అమ్మ మెట్ల దగ్గరికి పోయి, మొదటి మెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని వెనక్కొచ్చింది. "పోదాం పాండి మీ పెట్టెలోకి" అనింది.

బోర్డు మీద తమిళంలో "కంబివడ ఊర్ది" అని ఉంది. జనం మాత్రం రోప్ కార్ అనే అంటున్నారు. నలుగురు పట్టే పెట్టె. అమ్మ, నేను, పాప, మా అన్న కొడుకు ఒకదాంట్లో కూర్చున్నాం. నా భార్య వెనక పెట్టెలో ఎవరో వేలూరు వాళ్ళతో. తలుపు పడింది. నేల జారినట్టయింది. చింతచెట్ల కొనలు, వాటి మీద ఎండకాగుతున్న కోతులు, రాతిమెట్ల వరస, అన్నీ కాళ్ళ కిందికి వచ్చేసినాయి. జుగ్‌స్పిట్జతో పోలిస్తే ఇదొక మిద్దె. మా పెద్దకొండ ఎత్తు 750 అడుగులు. అయినా మా వాడు ఫోను తీయడం మరిచిపోయి, అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎన్ని మెట్లయినాయి?" అని అడిగింది.

పాప కిందికి తొంగి చూసి, "సగం అయిపోయినాయి జేజీ" అంది.

"అప్పుడేనా!"

ఆ గొంతులో సంతోషమో, ఏదో పోగొట్టుకున్న బాధో నాకు ఇప్పటికీ తేల్చుకోను కాలేదు. ఐదు నిమిషాలు తిరక్కముందే పైన ఉన్నాం. ఆమె ఒళ్ళు చెమట పట్టలేదు, గుండె కొట్టుకోలేదు, "గోవిందా" అని ఒక్కసారి కూడా అనలేదు. అనే వీలు ఎక్కడిది?

గుడి లోపల స్వామి యోగాసనంలో, మోకాళ్ళ మీదికి చేతులు చాచి కూర్చున్నాడు. "మోకాళ్ళు ఎంత బాగుండాయో చూడు" అని అమ్మ నా చెవిలో అనింది. దీపం వెలుతుర్లో కళ్ళు తెరిచే ఉన్నట్టు కనిపించినాయి. తరువాత అమృతవల్లి తాయారు సన్నిధి. అక్కడ ఆమె చాలాసేపు నిలబడింది. "ఈ తల్లి చూడు, ఆయనతో పాటే కొండ మీదుండాది. మా తల్లే పాపం, కింద ఒక్కతే" అంది. పుట్టినప్పటి నుంచీ అలమేలుమంగమ్మ గుడి గంట వింటున్నా, ఆమె ఒక్కతే ఉందన్న మాట నాకెప్పుడూ తట్టలేదు.

బయటికొచ్చి నీడలో కూర్చున్నాం. దిగుదామని నేను లేస్తే అమ్మ లేవలేదు.

"ఉండు. ఘటిక కావాల."

నడిచి వచ్చుంటే దారంతా ఆయన్నే తలుచుకునేవాళ్ళమని, ఇప్పుడు దారే లేకపోయెనని, కనీసం ఈ ఇరవై నాలుగు నిమిషాలైనా ఇయ్యాలని ఆమె వాదం. మా వాడు ఫోనులో టైమరు పెట్టినాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. కింద పొలాలు, చెరువులు, ఎదురుగా చిన్నకొండ. 1781 సెప్టెంబరు 27న హైదరాలీ, ఇంగ్లీషు సేనాని ఐర్ కూట్ కొట్టుకున్నది ఈ పక్కలనే. ఆ పొద్దు హైదరాలీ ఓడిపోయినాడు. ఫిరంగి మోతకు కూడా ఈ స్వామి యోగం చెడలేదేమో. చిన్నకొండ మీది ఆంజనేయుడికి నాలుగు చేతులు, శంఖచక్రాలు. తపస్సు చేసుకునే ఋషులను రాక్షసులు బాధపెడుతుంటే వాళ్ళ పని పట్టమని విష్ణువే వాటిని ఇచ్చినాడని కథ. మనసు కుదురు తప్పినవాళ్ళను తెచ్చి ఈ కొండల దగ్గర రోజుల తరబడి ఉంచుతారు. అట్లాంటి ఒకామె మాకు కొంచెం దూరంలో చెంపలేసుకుంటా ఉంది, పక్కన వాళ్ళమ్మ.

పదిహేడో నిమిషంలో ఒక కోతి వచ్చి పెరుగన్నం డబ్బా ఎత్తుకుపోయింది. నా భార్య అరిచింది, పాప నవ్వింది. అమ్మ ఒక కన్ను తెరిచి, డబ్బా పోయిన దిక్కు చూసి, మళ్ళీ మూసుకుంది. టైమరు మోగినాకే లేచింది.

దిగేటప్పుడు నేనూ మా వాడూ మెట్ల దారి పట్టినాం. ఇంటి తరఫున ఎవరో ఒకరు ఆ 1,305 లెక్క నిలబెట్టాలని నాకొక పిచ్చి. ఆల్ప్స్‌లో తిరిగినవాడు కదా, వాడు చెంగుచెంగున పోయినాడు. నాకు మూడొందల మెట్లు దిగేసరికి పిక్కలు వణికినాయి. డోలీ మోసే ఇద్దరు ఖాళీ బొంగుతో ఒక మండపంలో కూర్చుని ఉన్నారు. "ఎక్కుతారా సామీ?" అని తెలుగులోనే అడిగినారు. అమ్మ మాట గుర్తొచ్చి, వద్దని చెయ్యి ఊపినాను. ఇప్పుడు గిరాకీ ఎట్లుందని అడిగితే, ఒకాయన రోప్ కార్ తీగ వైపు గడ్డం ఎత్తి చూపించినాడు.

కిందికొచ్చేసరికి ముప్పావుగంటైంది. అమ్మ పూలమ్మే ఆమె పక్కన స్టూలేసుకుని కూర్చుని, మల్లెపూలు కట్టను సాయం చేస్తా ఉంది. నన్ను చూసి, "ఇంతసేపేందిరా?" అనింది. తరువాత తలెత్తి చిన్నకొండ వైపు చూసింది. దానికి 406 మెట్లు.

"ఏమ్మా, దానికెప్పుడు వేస్తారంట తీగ?" అని పూలామెను అడిగింది.