కాలింది వాళ్ల చెయ్యి, తప్పు కూడా వాళ్లదేనా?

ఫోను పేలి ఒళ్లు కాలినవాళ్లు ఆసుపత్రిలో నా గదిలోకి వస్తూనే తప్పు ఒప్పేసుకుంటారు. "మాదే తప్పు సార్, రాత్రంత చార్జింగ్ పెట్టి పండుకున్నం" అంటారు. ఇబ్రహీంపట్నంలో ఈ మాట వినీ వినీ నాకు ప్రాణం విసిగిపోయింది. విత్తనం మొలవకపోతే దుకాణం ముందు బైఠాయించే మనుషులు వీళ్లు. బిడ్డ చెయ్యి కాలితే మాత్రం తలొంచుకుని నిలబడతారు.

యాచారం వైపు నుంచి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చాడు. పిల్లవాడి అరచేతి నిండా టూత్‌పేస్టు ఎండి తెల్లగా పెచ్చు కట్టింది. గాయం ఎంత లోతో చూడాలంటే ముందు దాన్ని కడగాలి. అంటే ఆ పిల్లవాణ్ణి మళ్లీ ఏడిపించాలి. నేను కడుగుతున్నంతసేపూ తండ్రి తిడుతూనే ఉన్నాడు: "గేములు ఆడొద్దురా అంటె ఇన్నవా?" తిడుతూనే వాడి తల నిమురుతున్నాడు. ఫోను ఏదని అడిగాను. "చెత్తబండిల ఏసినం సార్." బ్యాటరీ ఆమధ్య ఎక్కడో చవగ్గా మార్పించిందే. బిల్లు ఇవ్వలేదు, వీళ్లు అడగలేదు. వెనక మూత పైకి లేస్తుంటే రబ్బరు బ్యాండు వేసి నెల రోజులుగా వాడుకున్నారు.

ఉబ్బిన బ్యాటరీని పిల్లల చేతికిస్తారా అని గట్టిగా అరవాలనిపిస్తుంది. కానీ ఆ ఉబ్బు ప్రమాదమని ఆయనకు చెప్పిందెవరు? కంపెనీలు పెట్టె మీద చీమతలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో రాసి చేతులు దులుపుకున్నారు.

లిథియం బ్యాటరీలో రెండు పొరల మధ్య సన్నటి ప్లాస్టిక్ తెర ఉంటుంది. చుట్టూ మంటంటుకునే ద్రావకం. తెర చిరిగితే లోపలే షార్టవుతుంది. ఆ వేడికి రసాయనాలు విడిపోయి ఇంకా వేడి పుట్టిస్తాయి. ఇక అది మన చేతిలో ఉండదు. ఉబ్బిందంటే లోపల గ్యాసు చేరిందని అర్థం. తెర చిరగడానికి ఫోను కిందపడటం ఒక కారణం. తయారీలో చేరిన లోహపు నలుసు, సరిగా అమరని పొర కూడా కారణాలే. చార్జింగ్ నిండగానే ఆపాల్సింది లోపలి సర్క్యూటు. నిద్రపోయిన మనిషి మీద ఆ బాధ్యత పెట్టడం అన్యాయం. 2016లో శాంసంగ్ సుమారు 25 లక్షల నోట్ 7 ఫోన్లను వెనక్కి పిలిచింది. మరుసటి ఏడాది జనవరిలో, లోపం బ్యాటరీలదేనని ఆ కంపెనీయే ప్రకటించింది.

మన దగ్గర 2022 ఏప్రిల్‌లో రోజుల తేడాతో రెండు ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు చార్జింగ్‌లో ఉండగా పేలాయి. నిజామాబాద్‌లో ఒక వృద్ధుడు, విజయవాడలో ఒక ఇంటి యజమాని చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న భవనం అంటుకుంది. పైన లాడ్జిలో దిగినవాళ్లు ఎనిమిదిమంది పోయారు. వాళ్లేం తప్పు చేశారు? ఇన్ని ప్రాణాలు పోయాక, ఆ డిసెంబర్ నుంచి వాహనాల బ్యాటరీ పరీక్షలను కేంద్రం కఠినం చేసింది.

చట్టం మాత్రం అంతకుముందే ఉంది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తయారీలో లోపమున్నా, డిజైన్‌లో లోపమున్నా, తగిన హెచ్చరిక ఇవ్వకపోయినా జరిగిన నష్టానికి తయారీదారే బాధ్యుడు. తయారుచేసిందెవరో తెలియకపోతే అమ్మినవాణ్ణే అడగొచ్చు. పేరూ ఊరూ లేని బ్యాటరీలు అమ్మేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన మండలంలోని కొంగర కలాన్‌లోనే ఇప్పుడు బ్యాటరీతో నడిచే ఇయర్‌బడ్లు తయారవుతున్నాయి. తయారీ మన గడపలోకి వచ్చినప్పుడు, తయారీదారు బాధ్యత గురించి మాట్లాడటం కూడా మన ఇళ్లలోనే మొదలవ్వాలి.

కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పొయ్యండి. పేస్టు వద్దు, ఐసు వద్దు. పొగ పీల్చి దగ్గు వస్తున్నా, కళ్లు మండుతున్నా వెంటనే ఆసుపత్రికి రండి. ఆ పొగలో విషవాయువులుంటాయి. ముఖం, చేతులు లోతుగా కాలితే ఉస్మానియాకు పంపిస్తాం. బ్యాటరీ కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, దాని కిందున్న నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నంబరు అసలుదో కాదో తెలుస్తుంది.

తోటి వైద్యులకూ ఒక మనవి. కేసుషీటులో "ప్రమాదవశాత్తు కాలిన గాయాలు" అని రాసి ఆపేయకండి. ఏ కంపెనీ, ఏ మోడలు, బ్యాటరీ మార్చారా, ముందే ఉబ్బిందా అన్నవి కూడా రాయండి. మనం రాయకపోతే రేపు ఆ కుటుంబం చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

ఇక ఇంట్లోవాళ్లకు చెప్పేదొకటే. పేలినదాన్ని పారెయ్యకండి. పూర్తిగా చల్లారాక ఇనుప డబ్బాలో ఇసుక పోసి అందులో పెట్టి, ఇంటి బయట ఉంచండి. ఫొటోలు తియ్యండి. చార్జరు, బిల్లు దాచండి. వాటితో ముందు దుకాణానికి వెళ్లండి, 1915కు ఫోన్ చెయ్యండి, అప్పటికీ పలకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కేసుషీటు నేనిస్తాను. సాక్ష్యానికి పిలిస్తే నేనూ వస్తాను.