మేనరికం కాదమ్మా

నిజామాబాద్‌లో పిల్లల వైద్యం చేసేవాళ్లకు మేనరికం మాట తరచూ ఎదురవుతుంది. బిడ్డకు మాట రాకున్నా, నడక ఆలస్యమైనా ఇంట్లోవాళ్ల అనుమానం ముందు దానిమీదికే పోతుంది. చాలా జబ్బుల్లో ఆ అనుమానం నిజమే. దగ్గరి చుట్టాల్లో ఒకే లోపం అటునుంచీ ఇటునుంచీ వచ్చి బిడ్డలో కలుస్తుంది. కానీ ఆ లెక్కకు అందని జబ్బులూ ఉన్నాయి.

బోధన్ దగ్గరి ఊరి నుంచి మూడేళ్ల పాపను తెచ్చారు. తాత శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది 2015లో మూతపడ్డాక కొడుకు గల్ఫ్ బాట పట్టాడు. ఏడాది నిండేదాకా పాప తాతా, అత్తా అనేది, గిన్నె పట్టుకొని తినేది. ఏడాదిన్నర దాటాక మాటలు ఒక్కొక్కటే పోయాయి. చేతులు పట్టు మరిచి, మెలకువగా ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి పిసుక్కునేవి. చూపు మాత్రం చెదరలేదు, నా కళ్లలోకే చూసేది.

"మా తమ్ముని బిడ్డనే తెచ్చి చేసిన సారూ. నా వల్లనే గిట్లయిందంటున్నరు" అంది నాయనమ్మ.

వియన్నా వైద్యుడు ఆండ్రియాస్ రెట్ 1966లో ఇలాంటి ఆడపిల్లల గురించి రాశాడు. జబ్బుకు ఆయన పేరే వచ్చింది. సుమారు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. దానికి మూలం ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎంఈసీపీ2 జన్యువని 1999లో హ్యూస్టన్‌లోని హుడా జోగ్బీ బృందం తేల్చింది.

ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ కణకేంద్రకంలో ఉంటుంది. డీఎన్ఏలో సైటోసిన్ మీద మిథైల్ గుర్తు ఉన్నచోట అతుక్కుంటుంది. అతుక్కున్నాక మరికొన్ని ప్రొటీన్లను అక్కడికి రప్పించి, చుట్టుపక్కల జన్యువుల పనిని తగ్గిస్తుంది. మెదడు నాడీకణాల్లో ఇది విపరీతంగా ఉంటుంది. తాతకు నిజాంసాగర్ కాలువ నీరటిని గుర్తుచేసి చెప్పాను: తూము దగ్గరికి వచ్చాడు గానీ తలుపు దించలేకపోతున్నాడు. పాప రిపోర్టు అచ్చం అదే. ప్రొటీన్‌లో 306వ స్థానంలో ఆర్జినైన్‌కు బదులు సిస్టీన్ చేరింది. డీఎన్ఏను పట్టుకునే భాగం బాగుంది, సాయాన్ని పిలిచే భాగం చెడింది.

తల్లి రక్తంలో ఆ మార్పు లేదు. సెలవు మీద వచ్చిన తండ్రి రక్తంలోనూ లేదు. రెట్ జబ్బులో మార్పు చాలావరకు కొత్తగా, అదీ ఎక్కువగా వీర్యకణం తయారయ్యేటప్పుడు పుడుతుంది. మిథైల్ గుర్తు ఉన్న సైటోసిన్ థైమిన్‌గా మారిపోవడం తేలిక, వీర్యకణాల డీఎన్ఏలో ఆ గుర్తులు మెండు. గుర్తును చదవాల్సిన జన్యువు తనమీది అదే గుర్తు వల్ల చెడడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నాయనమ్మకు చెప్పేటప్పుడు నెపం ఆమె నుంచి కొడుకు మీదికి జరగకుండా మాట్లాడాల్సి వచ్చింది. ఎవరూ చేసింది కాదు, చుట్టరికంతో సంబంధమే లేదు, మళ్లీ కాన్పులో వచ్చే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు. ఆ చివరి మాట ఆమె నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన ఒక బాబుది ఇందుకు తలకిందుల కథ. ఒళ్లు మెత్తగా వాలిపోయేది, మాట రాలేదు, న్యుమోనియా మళ్లీ మళ్లీ. వాడిలో ఇదే జన్యువుకు రెండు ప్రతులున్నాయి. ప్రొటీన్ తక్కువైనా, ఎక్కువైనా మెదడు ఓర్చుకోదు. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం జబ్బుపడ్డ ఎలుకల్లో ఈ జన్యువును తిరిగి పనిచేయించి వాటిని చాలావరకు కోలుకునేలా చేసింది. నాడీకణాలు చచ్చిపోలేదన్నమాట. అయినా జన్యుచికిత్స ఇంత నిదానంగా సాగుతున్నదంటే కారణం ఈ బాబు లాంటివాళ్లను చూస్తే తెలుస్తుంది: మోతాదు మించకూడదు. 2023లో అమెరికా అనుమతించిన ట్రోఫినెటైడ్ కొన్ని లక్షణాలను కొంత తగ్గిస్తుందే గానీ జన్యువును సరిచేయదు. పాపకు మేం చేయగలిగింది మూర్ఛకు మందులు, వెన్ను వంగకుండా వ్యాయామం, గుండెకు ఈసీజీ, కళ్లతో బొమ్మ చూపించి కావలసింది అడగడం నేర్పడం.

బాబు విషయంలో మాత్రం అదనపు ప్రతి తల్లి నుంచే వచ్చింది. ఆమె కణాల్లో ఎక్కువ భాగం ఆ ప్రతి ఉన్న ఎక్స్‌ను మూసిపెట్టాయి కాబట్టి తనకు ఏ లక్షణమూ లేదు. ఆ సంగతి చెప్పడానికి భర్తనూ అత్తనూ కూడా కూర్చోబెట్టాను, ఆమె ఒక్కతే విని ఒక్కతే మోయకూడదని. ఆమె చెల్లెలికి అప్పుడే పెళ్లి కుదిరింది. ఆ అమ్మాయి రక్తపరీక్ష గురించి మా మాటలు మొదలయ్యాయి.