యజమాని మాట, తండ్రి మాట

అమెరికా బొమ్మల ధారావాహికలనగానే మనలో చాలామందికి ముందుగా స్ఫురించేది ‘ది సింప్సన్స్’. అందులోని తండ్రిని చూసి నవ్వుకుంటామే గాని, అతడితో ఒక పూట కూర్చుని వాదించాలని ఎవరికీ అనిపించదు. నాకు వాదించబుద్ధి పుట్టించిన తండ్రి వేరొకడున్నాడు. అతడు ‘కింగ్ ఆఫ్ ది హిల్’లోని హాంక్ హిల్. మైక్ జడ్జ్, గ్రెగ్ డేనియల్స్ సృష్టించిన ఈ ధారావాహిక 1997 జనవరిలో ఫాక్స్ ఛానెల్లో మొదలై పదమూడు సీజన్లు నడిచింది. కథాస్థలం టెక్సాస్‌లోని ఆర్లెన్ అనే కల్పిత పట్టణం. డాలస్ శివార్లలో కాపురముంటున్న నాకు ఆ ఇళ్ళ వెనుక సందు, చెక్క కంచెలు, ఎండకు మాడే పచ్చిక ఏమాత్రం కల్పితంగా తోచవు. అక్కడ కంచె పక్కన నిలబడి మాటాడుకునే నలుగురు మిత్రుల సంగతి చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం ఇవాళ ముగియదు కనుక వారినలా వదిలేస్తాను.

హాంక్ ప్రొపేన్ గ్యాసు అమ్మే సంస్థలో అసిస్టెంట్ మేనేజరు. తన ఉద్యోగాన్ని అతడు పూజారి గర్భగుడిని చూసుకున్నంత భక్తితో చూసుకుంటాడు. యజమాని బక్ స్ట్రిక్లండ్‌కు తాగుడు, జూదం, పరస్త్రీ వ్యామోహం, అన్నీ ఉన్నాయి. అయినా హాంక్ కంటికి అతడు మహానుభావుడే. ఇక హాంక్ తండ్రి కాటన్, రెండవ ప్రపంచ యుద్ధంలో పిక్కలు పోగొట్టుకున్న మొరటు సైనికుడు. కొడుకును మెచ్చుకున్న పాపాన పోలేదు. అటువంటి ఇంట పెరిగిన హాంక్‌కు ప్రేమను నోటితో చెప్పడం చేతకాదు. అతడి పుత్రవాత్సల్యం సమస్తమూ ‘పని నేర్పడం’ అనే ఒక్క ద్వారం గుండానే బయటికి వస్తుంది. కొడుకు బాబీ చూడబోతే బొద్దుగా, నవ్వు పుట్టించాలన్న తపనతో, తండ్రి ఆశలకు ఆమడ దూరంలో ఉంటాడు.

1998లో ప్రసారమైన ఒక భాగంలో పదమూడేళ్ళైనా నిండని ఈ బాబీ కారు పందేల మైదానంలో, తినుబండారాలమ్మే దుకాణంలో పనికి కుదురుతాడు. పైవాడు జిమ్మీ విచార్డ్. వాడి బుర్ర ఏ క్షణాన ఎటు తిరుగుతుందో వాడికే తెలియదు. అరుస్తాడు, అవమానిస్తాడు, అర్థంపర్థంలేని ఆజ్ఞలు జారీ చేస్తాడు. పిల్లవాడు మొరపెట్టుకుంటే హాంక్ చెప్పేదొక్కటే: యజమాని యజమానే, ఒప్పుకున్న పని మధ్యలో వదలకూడదు. బాబీ తండ్రి మాట జవదాటడు. చివరికి పందెం జోరుగా సాగుతూ, కార్లు రివ్వున దూసుకుపోతున్న సమయంలో, ఆ బాటకు అడ్డంగా వెళ్ళి తనకొక శీతల పానీయం తెమ్మంటాడు జిమ్మీ. పిల్లవాడు బయలుదేరుతాడు! అప్పుడు గాని హాంక్‌కు కళ్ళు తెరుచుకోవు. ఆ తరువాత అతడు జిమ్మీకి ఏ అవయవంతో బుద్ధి చెప్పాడన్నది ఆ ధారావాహికను ఎరిగినవారు ఊహించుకోగలరు.

చాలామంది ఈ కథను ‘మూర్ఖపు తండ్రి, పాపం పిల్లవాడు’ అన్నట్టు చెబుతారు. నాకది పూర్తి న్యాయంగా తోచదు. హాంక్ మాటల్లో సగం నిఖార్సయిన సత్యం. రెండో రోజునే పని మానేస్తానన్న పిల్లవాణ్ణి ‘సరే, మానెయ్యి’ అనే తండ్రి కన్నా, ‘ఇంకో వారం చూడు’ అనే తండ్రి వైపే నేను మొగ్గుతాను. పని అన్నాక విసుగూ ఉంటుంది, మనకు నచ్చని మనిషీ ఉంటాడు. చిక్కల్లా హాంక్ రెండు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టి కొడుకు నెత్తిన పెట్టడంలో ఉంది. పని పట్ల నిష్ఠ ఒకటి. పని చెప్పేవాడి పట్ల విధేయత మరొకటి. హాంక్ జీవితంలో ఈ రెండూ ఎన్నడూ విడివడలేదు. తానే బక్ స్ట్రిక్లండ్‌ను తూచి చూడనివాడు, కొడుక్కు తూచడం ఎలా నేర్పుతాడు? అన్నిటికన్నా నన్ను కలచివేసింది బాబీ ముఖం. వాడు బాట మీద అడుగుపెట్టింది జిమ్మీ మీది భయంతో మాత్రమేనని నేననుకోను. నాన్న చెప్పాడు గనుక వెళ్ళాడు. మంచి కొడుకు గనుకనే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

మా నాన్నగారు గోదావరి జిల్లాలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. షావుకారుగారు వీధిలో కారులో వెళుతుంటే, మా అరుగు మీద కూర్చున్న నాన్నగారు లేచి నిలబడేవారు. కారులోని మనిషి ఇటు చూశాడా లేదా అన్నదానితో ఆయనకు నిమిత్తం లేదు. లెక్కలో అణా తేడా రానిచ్చేవారు కారు, జీతం నెలలు ఆలస్యమైతే అడిగేవారూ కారు. ఆయన నిష్ఠను నేను గౌరవిస్తాను. ఆ లేచి నిలబడడం మాత్రం నా పిల్లలకు అందకూడదనుకున్నాను.

మావాడికి పదహారేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో ఒక ఐస్‌క్రీం దుకాణంలో పనికి చేరాడు. మూడు వారాలయ్యాక ఒక రాత్రి భోజనాల దగ్గర మామూలుగా అన్నాడు, ‘నాన్నా, మేనేజరు ముందు క్లాక్ అవుట్ చేసెయ్యమని, తరువాత నేల తుడవమంటున్నాడు. రోజూ అరగంట.’ చేసిన పనికి, చేసిన ప్రతి గంటకూ కూలి ఇచ్చి తీరాలన్నది ఇక్కడి కేంద్ర చట్టం. పిల్లవాడైనా, వేసవి పనైనా తేడా లేదు. నేను ఫోను చేసి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. వాళ్ళమ్మ అదే చెయ్యమంది కూడా. నేను వాడి చేతికొక చిన్న పుస్తకమిచ్చి, ఏ రోజు ఎన్ని నిమిషాలో రాసుకోమన్నాను. నేల మాత్రం మునుపటి కన్నా శుభ్రంగా తుడవమన్నాను. రెండు వారాల తరువాత ఆ పుస్తకం తీసుకుని వాడే వెళ్ళాడు. నేను బయట కారులో కూర్చున్నాను. అద్దాల వెనుక వాడు చేతులు కట్టుకోకుండా నిలబడి మాట్లాడడం కనిపించింది, మాటలు వినిపించలేదు.

డబ్బు వచ్చింది. ఆ మరుసటి వారం నుంచి వాడికి పని గంటలు సగానికి తగ్గాయి. ‘దీనికేమంటావు?’ అన్నట్టు మా ఆవిడ నావైపు చూసింది. నా దగ్గర జవాబు లేదు. మావాడు సెలవులు ముగిసేవరకు ఆ సగం గంటలే చేసి, రెండు వారాల ముందే చెప్పి మానుకున్నాడు. ఆ పుస్తకం ఎక్కడుందో తెలియదు గాని, ఆ సంగతి ఎప్పుడొచ్చినా వాడు మాట మారుస్తాడు.

పదిహేనేళ్ళ విరామం తరువాత 2025 ఆగస్టులో ఆ ధారావాహిక హులూలో మళ్ళీ వచ్చింది. హాంక్, పెగ్గీ సౌదీ అరేబియాలో కొన్నేళ్ళు పని చేసి ఆర్లెన్‌కు తిరిగి వస్తారు. బాబీకిప్పుడు ఇరవయ్యొకటి. డాలస్‌లో, జపాను వంటకు జర్మను రుచులు కలిపిన హోటలులో ప్రధాన వంటవాడు. పొయ్యి దగ్గర మిగతావారికి పని చెప్పేది ఇప్పుడు వాడే. మావాడు వేరే ఊళ్ళో ఉన్నాడు. చూశావా అని ఫోనులో అడిగితే, చూశానన్నాడు. బాబీ వంట గురించీ, గడ్డం గురించీ ఏదో అంటాడనుకున్నాను. ‘వాళ్ళ వంటింట్లో రాత్రి నేల ఎవరు తుడుస్తారో చూపించలేదు నాన్నా’ అన్నాడు.